రేణిగుంట నుంచి చిన్న విమానం అద్దెకు తీసుకునేవారికి హెచ్చరిక: డబ్బు కట్టేముందే సీటు బెల్టుల సంగతి తేల్చుకోండి

పెద్దవారినో రోగులనో తీసుకువెళ్లడానికి తిరుపతి విమానాశ్రయం నుంచి చిన్న చార్టర్ విమానం మాట్లాడుకోవాలనుకుంటున్న తిరుపతి, చిత్తూరు జిల్లాల వారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అద్దె ఎంత, ఎంతసేపట్లో చేరుతుంది అన్న ప్రశ్నలకు ఏజెంట్లు వెంటనే జవాబు చెబుతారు గానీ, ఏ సీటుకు ఎంత పొడవైన బెల్టు ఉంది, భుజం మీదుగా వచ్చే పట్టీ ఉందా లేదా అని అడిగితే మాట దాటవేస్తారు. మా కుటుంబం ఈ వేసవిలో నష్టపోయింది సరిగ్గా అక్కడే.

మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు కారులో కూర్చోలేని మా పెదనాన్నగారిని వైద్యం కోసం హైదరాబాదుకు తీసుకువెళ్లాలని ఒక ఏజెంటు ద్వారా విమానం మాట్లాడుకున్నాము. ఆయనది భారీ శరీరం. చిన్న విమానంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది బరువును బట్టి నిర్ణయిస్తారు కనుక అందరి బరువులూ ముందే అడిగి రాసుకున్నారు. అంత బరువున్న మనిషి వస్తున్నారని తెలిసి కూడా, ఆయనకు బెల్టు సరిపోతుందా అని ఆలోచించిన వారు ఒక్కరూ లేరు.

ఫొటోలో చూపించిన విమానం ఒకటి, రేణిగుంటకు వచ్చినది మరొకటి. అవసరమైతే వేరొక విమానాన్ని పంపే హక్కు తమకుందని ఒప్పందంలో రాసుకున్నారు. వచ్చిన ఆ పాత విమానంలో భుజం పట్టీలు పైలట్ల వరుసకే ఉన్నాయి; వెనుక సీట్లకు నడుము బెల్టు మాత్రమే ఉంది. దానిని పూర్తిగా వదులు చేసినా పెదనాన్నగారికి జానెడు తక్కువైంది. మా పెద్దమ్మగారి సీటులో ఇబ్బంది మరో రకంగా ఉంది: సన్నగా ఉండే ఆవిడకు ఎంత లాగినా బెల్టు బిగియలేదు, పట్టీ ఎండకు బిరుసెక్కి అంచుల్లో పీచులు లేచి ఉంది. ఆరుబయట నిలిపే విమానాల్లో ఎండ వల్ల పట్టీ నేత బలహీనపడుతుంది కాబట్టి, మన ప్రాంతపు ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

ఎవరో బెల్టు పొడవు పెంచడానికి పెద్ద విమానాల్లో వాడే ఎక్స్‌టెన్షన్ బెల్టు తెచ్చారు, కానీ దాని నాలుక ఈ బకిల్‌లో పట్టలేదు. ఒక తయారీదారు బెల్టు మరొకరి బకిల్‌కు సరిపోవాలని ఏమీ లేదు. ఒకవేళ పట్టినట్టు అనిపించినా, ఆ విమానానికి ఆమోదం పొందినది కాకపోతే దానిని నమ్మకూడదు. ఒక్క గంట ప్రయాణమే కదా, శాలువా కప్పుకొని బెల్టు చేత్తో పట్టుకోమని ఏజెంటు సలహా ఇచ్చాడు. పైలట్ మాత్రం బెల్టు పెట్టుకోని ప్రయాణికుడితో విమానం కదిలించనని స్పష్టంగా చెప్పారు. ఆ రోజు తన బాధ్యత తెలిసి ప్రవర్తించినది ఆయన ఒక్కరే, అందుకు మేము ఆయనకు కృతజ్ఞులం.

నడుము బెల్టు పొట్ట మీద కాకుండా, కిందుగా తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి. అది పైకి జారితే, విమానం ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ దెబ్బ ఎముకల మీద కాక పొట్టలోని అవయవాల మీద పడుతుంది. భుజం పట్టీ లేకపోతే నడుము దగ్గర ఆగిన శరీరం పైభాగం ముందుకు విసిరినట్టు వంగి, తల ఎదుటి సీటుకు తగిలే ప్రమాదం ఉంది. ఇరుకైన చిన్న విమానంలో ఆ దూరం చాలా తక్కువ. అందుకే అమెరికా నిబంధనల ప్రకారం 1978 జూలై 18 తర్వాత తయారైన చిన్న విమానాల ముందు సీట్లకూ, పైలట్ల సీట్లు కాక తొమ్మిది లేదా అంతకంటే తక్కువ సీట్లున్న వాటిలో 1986 డిసెంబరు 12 తర్వాత తయారైన వాటికి అన్ని సీట్లకూ భుజం పట్టీ తప్పనిసరి చేశారు. అంతకు ముందు తయారైన విమానాలు నేటికీ ఎగురుతూనే ఉన్నాయి కనుక, తయారీ సంవత్సరం అడగడం అనవసరమైన ఆరా కాదు.

మర్నాడు మామూలు విమాన సర్వీసులో వెళితే, అడగగానే సిబ్బంది ఎక్స్‌టెన్షన్ బెల్టు ఇచ్చారు, పెదనాన్నగారు సుఖంగా చేరారు. చార్టర్ సొమ్ములో ఎక్కువ భాగం మాత్రం తిరిగి రాలేదు. ప్రయాణికుడి శరీర పరిస్థితి వల్లనే ప్రయాణం రద్దయిందని ఏజెంటు వాదన. బరువు ముందే చెప్పిన వారి మీద ఈ నెపం వేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు, వచ్చే విమానం వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ గుర్తునూ, తయారీ సంవత్సరాన్నీ రాతలో తీసుకోండి. అద్దెకు నడపడానికి అవసరమైన, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఆ సంస్థకు ఉందో లేదో చూడండి. భారీకాయులు, గర్భిణులు, వృద్ధులు ఉంటే నడుము చుట్టుకొలత చెప్పి, ఆ విమానానికి ఆమోదించిన ఎక్స్‌టెన్షన్ బెల్టు విమానంలోనే ఉంటుందని ఒప్పందంలో రాయించుకోండి. విమానం మార్చినా ఈ షరతులన్నీ వర్తిస్తాయనీ, బెల్టు సరిపోక ప్రయాణం ఆగితే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామనీ అందులోనే ఉండాలి. ఇప్పటికే డబ్బు కట్టినవారు ఈ వివరాలను ఈరోజే మెయిల్ ద్వారా అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి.