కారు ధర తరిగింది, హెడ్‌లైటు ధర తరగలేదు: సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుతో ఆరేళ్ళు

ఈ కారు పవర్ ఎంత, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, ఇవన్నీ యూట్యూబ్‌లో వందమంది చెప్పేశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్ళను. నేను రాసేది ఒక్క రేటు గురించి. అది ఎలా పడుతుంది, పడ్డ రేటు మనకి ఎప్పుడు కలిసొస్తుంది, ఎప్పుడు నెత్తిమీదకొస్తుంది, అంతే. ఆరేళ్ళు వాడాక కూడా ఈ బండి మీద ప్రేమ తగ్గలేదు గానీ రీసేల్ అన్న మాట వింటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం, కోర్టుపేట. పట్టుచీరల కొట్టు. బండి జర్మన్‌ది, రెండు తలుపులు, వెనక సీట్లు పేరుకే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే లెక్క ఈ తరగతిలో ఏ కంపెనీ బండికైనా ఒకటే, పేరు రాస్తే చదివేవాళ్ళు లెక్క వదిలేసి పేరు పట్టుకుంటారు.

2015లో హైదరాబాద్‌లో మొదటి ఓనర్ దీనికి ఆన్ రోడ్ 70 లక్షలు పెట్టాడు. 2019లో 19 వేల కిలోమీటర్ల మీద నాకు 34 లక్షలకి ఇచ్చాడు. అంటే నాలుగేళ్ళలో ఆయన 36 లక్షలు వదులుకున్నాడు, కిలోమీటరుకి 190 రూపాయల దాకా పడింది, పెట్రోలు కాకుండా. కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఆ 70 లక్షల్లో బండి విలువ ఎంతని? బయట తయారై ఓడలో దిగే బండికి కస్టమ్స్ సుంకమే భారీగా పడుతుంది, దాని మీద అప్పటి ఎక్సైజు, వ్యాట్ లాంటి పన్నులు, దాని మీద లైఫ్ టాక్సు. రెండో ఓనర్ ఎవడూ ఆ పన్నులకి తిరిగి డబ్బివ్వడు. అందుకే మొదటి దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. అప్పట్లో ఎవరు అడిగినా గట్టిగా చెప్పేవాణ్ణి, స్పోర్ట్స్ కారు కొంటే నాలుగేళ్ళదే కొనాలి, పడాల్సిన రేటంతా ఇంకొకడి జేబులోంచి పడిపోయాక మనం ఎక్కాలి అని.

నా మాట నిజమే అన్నట్టుగా మొదటి మూడేళ్ళు గడిచాయి. కరోనా తర్వాత చిప్పుల కొరత వచ్చి కొత్త కార్లు నెలల తరబడి దొరకలేదు, పాత కార్ల రేట్లు ఎగిరాయి. 2022లో భువనేశ్వర్ డీలర్ ఒకాయన తనంతట తనే ఫోన్ చేసి 32 ఇస్తానన్నాడు. మూడేళ్ళు, 21 వేల కిలోమీటర్లు తిప్పిన బండికి పోయింది రెండు లక్షలు! రూపాయి విలువ పడే కొద్దీ దిగుమతి బండ్ల కొత్త ధర పెరుగుతూ పోవడం కూడా పాతవాటిని కొంత నిలబెట్టింది. ఆ రోజుల్లో ఆదివారం తెల్లారుజామున రంభ దాకా వెళ్ళి, చిలికా పక్కన అద్దాలు దించుకుని మూడో గేరులో ఆ శబ్దం వింటూ వెనక్కి వస్తుంటే, ఇంత సుఖం ఏడాదికి 70 వేలకి ఎవరిస్తారు అనిపించేది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే ఆ మూడేళ్ళలో టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్సు, విశాఖ సర్వీసులు, హైదరాబాద్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చి ఇక్కడ టాక్సు కట్టి ఒడిశా వాళ్ళ ఓడీ నంబరు చేయించడం, అన్నీ కలిపి 7 లక్షల పైన తేలింది. ఆ 32కి అమ్మి ఉంటే ఆ మాట చెప్పుకోవడానికి నాకు హక్కుండేది. అమ్మలేదు.

ఇక అసలు సంగతి.

ఇన్సూరెన్సులో ఐడీవీ అని ఉంటుంది, బండి పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. దీనికి ఒక పట్టిక ఉంది. మొదటి ఆరు నెలల్లోపు 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, తర్వాత ఏటా 30, 40, అయిదేళ్ళు వచ్చేసరికి 50. అయిదేళ్ళు దాటాక పట్టిక ఉండదు, కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్నదే ఐడీవీ. మా పాలసీలన్నీ చూసేది వరసకి బాబాయి. 2024 జనవరిలో రెన్యూవల్ టైముకి కొట్టుకొచ్చి కూర్చుని, "తొమ్మిదేళ్ళ బండికి 21 లక్షలు ఎందుకురా, ప్రీమియం దండగ. 16 రాసేస్తాను" అన్నాడు. ప్రీమియంలో మిగిలింది పదకొండు వేలు. సరే బాబాయ్ అన్నాను. ఆయన్ని తప్పు పట్టను, మన మంచికే చెప్పాడు, మారుతీ బండికి అయితే ఆ సలహా సరిపోయేదే.

నెల తిరిగేసరికి రథసప్తమి వచ్చింది. నేనూ మా ఆవిడా అరసవల్లి వెళ్ళి దర్శనం చేసుకుని సాయంత్రం తిరిగి వస్తున్నాం. కంచిలి దాటాక ముందున్న లారీ ఉన్నట్టుండి బ్రేకు వేసింది. నేనూ వేశాను, బండి దాదాపు ఆగిపోయింది కూడా, మహా అయితే ఇరవై స్పీడు ఉంటుందేమో. కానీ ఈ బండి ముక్కు నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది కదా, లారీ వెనకాల ఉండే ఇనప బారు కిందకి మెత్తగా దూరిపోయింది. పెద్ద చప్పుడు కూడా లేదు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. మా ఆవిడ ఒళ్ళో పులిహోర ప్రసాదం పొట్లం ఎలా ఉన్నది అలాగే ఉంది, ఒక్క మెతుకు కింద పడలేదు. దిగి చూస్తే బానెట్ మధ్యకి మడత పడింది, రెండు హెడ్‌లైట్లూ పగిలాయి, కింద పచ్చగా కూలెంట్ కారుతోంది. లారీకి గీత పడలేదు. డ్రైవరు దిగి చూసి, మాకేం కాలేదని తెలుసుకుని, మంచినీళ్ళిచ్చి వెళ్ళిపోయాడు.

ఇంత కిందకుండే బండిని మామూలుగా కట్టి లాగలేరు, ప్లాట్‌ఫారం ఉన్న లారీయే రావాలి. అది శ్రీకాకుళం నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. బండి అటు విశాఖ వెళ్ళింది, మేం ఇచ్ఛాపురం దాకా ఆటోలో వచ్చి అక్కణ్ణించి బస్సు ఎక్కాం.

నాలుగు రోజులకి ఎస్టిమేట్ వచ్చింది. 12 లక్షల 30 వేలు. ఫోన్‌లో పీడీఎఫ్ పెద్దది చేసి లైను లైను చదివాను. హెడ్‌లైటు ఒక్కోటి 2,70,000, రెండూ కలిపి 5,40,000. బానెట్ అల్యూమినియంది, రేకులా సుత్తితో కొట్టి సరిచేయడం కుదరదు, కొత్తదే వేయాలి, 1,80,000. బంపరు, గ్రిల్ 1,60,000. రేడియేటరు, ఏసీ కండెన్సరు, ఇంటర్‌కూలర్ 1,70,000. సెన్సార్లు, బ్రాకెట్లు, క్లిప్పులు 70,000. పెయింటు, లేబరు 1,10,000. నేను కొన్న 34 లక్షల బండి కాదిది, అప్పటికి మార్కెట్లో 22 పలికే బండీ కాదు. స్పేర్ పార్టుల కౌంటరు దగ్గర ఇది ఇవాళ్టికీ 70 లక్షల బండే. నేను ఈ సమీక్ష రాస్తున్నది ఈ ఒక్క వాక్యం కోసం.

ఇన్సూరెన్సు వాళ్ళ సర్వేయర్ నెమ్మదస్తుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "సార్, మీ ఐడీవీ 16 లక్షలు. దాంట్లో 75 శాతం 12 లక్షలు. రిపేరు అది దాటితే టోటల్ లాస్ కింద రాయాల్సి వస్తుంది." ఇరవై స్పీడులో తగిలిన బండి, ఇంజన్‌కి గీత లేదు, ఛాసిస్‌కి వంకర లేదు, ముక్కు చెక్కుకుపోయినందుకు బండే చచ్చిపోయినట్టు లెక్క! 21 రాసి ఉంటే టోటల్ లాస్ గీత 15 లక్షల 75 వేల దగ్గర ఉండేది, ఈ మాటే వచ్చేది కాదు. పదకొండు వేలు మిగుల్చుకోవడానికి నా చేత్తో నేనే ఆ గీత కిందకి జరిపాను.

సరే, టోటల్ లాస్ కానివ్వు, 16 లక్షలు తీసుకో అని మా బావమరిది అన్నాడు. డబ్బు లెక్కలో అతను చెప్పిందే సబబు. ఎందుకంటే రిపేరు చేయిస్తే ఇంకో దెబ్బ ఉంది. పార్టుల మీద తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ కవరు నా బండికి అప్పటికే ఆగిపోయింది. అది లేకపోతే క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం కోస్తారు, అయిదు నుంచి పదేళ్ళ బండికి లోహపు భాగాలకి 40 శాతం కోస్తారు, గాజుకి మాత్రం కోత లేదు. కౌంటరులో ఒక్క రూపాయి తరగని బానెట్, క్లెయిము ఫారంలోకి వచ్చేసరికి 40 శాతం తరిగిపోతుంది. మొదటి ఓనర్ 36 లక్షలు పోగొట్టుకున్నాడని జాలిపడ్డాను గానీ ఆయన నాలుగేళ్ళూ వారంటీ నీడలోనూ జీరో డెప్ నీడలోనూ తిరిగాడని అప్పుడు తట్టలేదు. ఎండ మొదలయ్యే టైముకి నేను ఎక్కాను.

కానీ నాకు బండి కావాలి. మా ఊరి మెకానిక్ ఒకతను, ఒడియా కుర్రాడు, టాటా బెంజ్ చౌక్ దగ్గర షెడ్డు, "భాయి, లైట్లు క్లెయిములోంచి తీసేయించండి, ఢిల్లీ మాయాపురిలో నేను వెతుకుతాను" అన్నాడు. పాత బండ్లు విప్పి పార్టులు అమ్మే మార్కెట్ అది. పదిహేను రోజులు ఫోటోలు తెప్పించుకుని, వీడియో కాల్‌లో వెలిగించి చూపించమని, పార్టు నంబరు నాతో గట్టిగా చదివించి, జత 1,90,000కి తెప్పించాడు. లైట్లు తీసేస్తే ఎస్టిమేట్ 6,90,000కి దిగింది, టోటల్ లాస్ మాట పోయింది. కోతలు పోను ఇన్సూరెన్సు ఇచ్చింది 4,10,000. మిగతాది, లైట్లు, కలిపి నా చేతినుంచి 4,70,000. లాగిన లారీ అద్దె వేరే. పగిలిన కుడి హెడ్‌లైటు ఇప్పటికీ కొట్టులో గల్లాపెట్టె పక్కన అలమరలో ఉంది. చేతిలో పట్టుకుంటే రెండు మూడు కిలోలుంటుంది, లోపల సన్నటి వైర్లు, అల్యూమినియం రెక్కలు, చిన్న ఫ్యాను. పాత స్పోర్ట్స్ కారు కొంటానని సలహా అడగడానికి వచ్చినవాళ్ళకి ముందు అది చేతికిస్తాను.

ఇదంతా అయ్యాక 2025 అక్టోబరులో, మా వాడి చదువు ఖర్చు చూసుకుని, అమ్మేద్దామని తిరిగాను. సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను, సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ అయింది, అంతకు ముందు అన్నీ కలిపి 48, 50 ఉండేది. కొత్తది తగ్గింది కదా అని పాతదాని రేటు అదే వారం కోశారు. హైదరాబాద్‌లో 15, భువనేశ్వర్‌లో పదమూడున్నర. హైదరాబాద్ వాళ్ళకి ఓడీ నంబరు అంటే మళ్ళీ టాక్సు, మళ్ళీ ఎన్ఓసీ. భువనేశ్వర్ వాళ్ళకి ఇలాంటి బండి కొనే మనిషి ఏడాదికి ఒకడు దొరికితే గొప్ప. కొనేవాడు మూడో ఓనర్ అవుతాడు, క్లెయిము హిస్టరీ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, పెయింటు మందం కొలిచే మీటరు బానెట్ మీద పెట్టగానే అంకె వేరేగా వస్తుంది, ఇవన్నీ న్యాయమైన కోతలే, నేను కాదనను. నాకు మనసు కష్టపెట్టింది ఒకటి. గంజాం జిల్లా బండి అనగానే డీలర్ దగ్గరి కుర్రాడు కార్పెట్ ఎత్తి, టార్చి వేసి సీటు బోల్టుల దగ్గర తుప్పు, బురద వెతికాడు. "ఫైలిన్‌లో నీళ్ళు ఎక్కాయా, తిత్లీలోనా?" అన్నాడు. ఫైలిన్ తుఫాను 2013, అప్పటికి ఈ బండి పుట్టనేలేదు. తిత్లీ తుఫాను 2018, అప్పుడిది హైదరాబాద్‌లో ఉంది. చెప్పాను. విన్నాడు, అయినా సీటు కింద వేళ్ళు పెట్టి తడిమి చూశాడు.

మరి కొనొచ్చా అంటే, నా పరిస్థితి చెప్తాను, మీది మీరు చూసుకోండి. నాకు లోను లేదు, ఇంట్లో వాడుకకి వేరే బండి ఉంది, మాయాపురిలో పదిహేను రోజులు వెతికే ఓపికున్న మెకానిక్ ఉన్నాడు, అతను లేకపోతే 2024లోనే ఈ కథ అయిపోయేది. ఈఎంఐ మీద కొనేవాళ్ళు వద్దు, బండి రేటు అప్పుకంటే వేగంగా పడుతుంది. రాయగడ, జయపురం లాంటి చోట్ల ఉండేవాళ్ళు సర్వీసు దూరం ఒకసారి లెక్క వేసుకోండి, మాకు విశాఖే 260 కిలోమీటర్లు. కొనేముందు ఓనర్‌ని మైలేజీ అడగకండి, రెండు హెడ్‌లైట్లు, బానెట్, ముందు బంపరు, ఒక గేర్‌బాక్స్ సర్వీసు, ఈ నాలుగింటి ధర పార్టుల కౌంటరులో రాయించుకోండి. ఆ మొత్తం మీరు బండికి ఇవ్వబోయే డబ్బులో సగానికి వస్తుంటే రేటు బాగా పడిందని సంబరపడకండి.

నేను అమ్మలేదు. 15కి ఇచ్చేస్తే పోయేదే, కానీ ఆ డబ్బుతో నాకు ఇలాంటిది మళ్ళీ రాదు, అదీ ఒక లెక్కే. ఈ నెల రెన్యూవల్‌కి బాబాయి వచ్చాడు. పదిహేడు రాస్తానన్నాడు. కంపెనీ ఎంత దాకా ఒప్పుకుంటే అంత రాయమన్నాను. కొట్టులోనే కూర్చుని అరగంట ఫోన్‌లో మాట్లాడి, పద్దెనిమిదిన్నర దాకా తెచ్చాడు.