తిరుపతికి బస్సు ట్రిప్: జూనా, గుళ్ళా, చంద్రగిరా?

"అన్నా, మేమొక నలభై మందిమి ఉన్నాం. ఒక్క రోజులో తిరుపతి చూసొచ్చేయాలి. ఏమేం పెట్టుకుంటే బాగుంటుంది?"

కార్తీకం దగ్గరపడితే చాలు, వారానికొకటైనా ఇలాంటి ఫోను వస్తుంది నాకు. నెల్లూరు వేదాయపాళెంలో మా వీధి వాళ్ళని మూడుసార్లు బస్సులో తిప్పుకొచ్చిన పాపానికి నేనేదో ట్రావెల్స్ నడుపుతున్నా అనుకుంటున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. కొండ మీది దర్శనం ఈ లెక్కలో లేదు. మూడొందల రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. నలభై మందికి ఒకే రోజు, ఒకే గంటకి దొరకబుచ్చుకోవడం మన వల్ల కాదు. దొరికినా ఆ రోజంతా కొండకే సరిపోతుంది. "తిరుపతి దాకా పోయి కొండెక్కకుండా వస్తారంట, చోద్యం కాకపోతే" అని మా పెద్దమ్మ మూడుసార్లూ అన్నది. మూడుసార్లూ అందరికన్నా ముందొచ్చి బస్సులో కూర్చున్నది కూడా ఆవిడే.

నేను చెప్పేది కొండ కింద ఉన్న ఊరి గురించి. దేవుడి ఊరు సరే, చదువుల ఊరు కూడా. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకు ముందు మన కాలేజీల్లో చదివిన వాళ్ళకి డిగ్రీ పట్టా ఇచ్చింది ఎస్వీ యూనివర్సిటీయే. నా పట్టా మీద ఉన్న పేరూ అదే. 1954లో అది పెట్టినప్పుడు ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు కాబట్టి ఒంగోలు వాళ్ళకీ అందులో వాటా ఉంది. మహిళా యూనివర్సిటీ, సంస్కృత యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ అన్నీ ఆ ఊళ్ళోనే. దారిలో ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ చదువులకి పెట్టిన ఐసర్. ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు అక్కడ కిటికీ వైపు చూసే చూపు వేరేగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. బస్సు ట్రిప్‌లో టైమ్ తినేది రోడ్డు కాదు. మనకి తిరుపతి 135 కిలోమీటర్లు. గూడూరు మీదుగా నాయుడుపేట దాకా హైవే, అక్కడ తిరిగి శ్రీకాళహస్తి, రేణిగుంట. టీకి ఆపినా మూడు గంటలు. టైమ్ తినేది దిగడం, ఎక్కడం.

ఇది నాకు మొదటి ట్రిప్‌లో తెలిసొచ్చింది. ఆశకొద్దీ ఏడు చోట్లు పెట్టా. శ్రీకాళహస్తి, తిరుచానూరు, గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, సైన్స్ సెంటర్, జూ, చివర చంద్రగిరి. కాగితం మీద చూస్తే ఎంత బాగుందో! చంద్రగిరి చేరేసరికి చీకటి పడింది, కోట గేటు వేసేశారు. గేటుకి ఫోటో తీసుకుని వెనక్కొచ్చాం.

రెండో ట్రిప్‌కి గడియారం చూసి రాసుకున్నా. బస్సు ఆగినప్పటి నుంచి చివరి మనిషి కాలు నేల మీద పెట్టేదాకా పది పన్నెండు నిమిషాలు. వెనక సీట్లో వాళ్ళు చెప్పులు వెతుక్కోవాలి, ఒకాయన సంచీ తీసుకోవాలా వద్దా అని భార్యని అడగాలి, ఆవిడ నిద్ర లేవాలి. చూడాల్సింది చూసి వచ్చాక ఎక్కడానికి ఇంకో ఇరవై నిమిషాలు తక్కువ పట్టదు. ఒకరు బాత్‌రూమ్‌కి పోయుంటారు, ఇద్దరు జామకాయల బండి దగ్గర బేరమాడుతుంటారు. మొత్తం మీద ఆగిన ప్రతిచోటా ఏమీ చూడకుండానే అరగంట పైన పోతుంది. ఏడు చోట్లంటే నాలుగు గంటలు గాల్లో కలిసినట్టే.

అందుకే ఎవరైనా ప్లాన్ చూపిస్తే నేను చూసేది ఒక్కటే, బస్సు ఎన్నిసార్లు ఆగుతుందని. మూడు దాటితే వద్దంటా.

ఈ లెక్కలో గుళ్ళ ప్లాన్ వెనకబడుతుంది. తిరుచానూరు, గోవిందరాజస్వామి, కపిలతీర్థం దూరంగా ఏమీ లేవు, ఆటోలో అయితే ఒక పూటలో హాయిగా చూసిరావచ్చు. నలభై మందితో అలా కాదు. గుడికి గుడికి చెప్పులు వదలాలి, ఫోన్లు అప్పజెప్పాలి, మళ్ళీ తీసుకోవాలి. గోవిందరాజస్వామి గుడి స్టేషన్ పక్కనే, ఊరి నడిబొడ్డున. బస్సు ఎక్కడో ఆపుకుని ఆ రద్దీలో ముసలివాళ్ళని చేయి పట్టుకుని నడిపించాలి. క్యూ ఎంతసేపో మన చేతిలో ఉండదు. మీ గుంపులో అందరూ భక్తులే, ఇంకేం అక్కర్లేదు అంటే తిరుచానూరు ఒక్కటి పెట్టుకుని నిదానంగా దర్శనం చేసుకోండి. శ్రీకాళహస్తి దారిలోనే కదా అని పోతూ పోతూ ఆపొద్దు. అక్కడ రాహుకేతు పూజ అని ఒకరు మొదలుపెడితే ఇంకో ఆరుగురు కూర్చుంటారు, మిగతావాళ్ళు బస్సులో కూర్చుని వాళ్ళని తిట్టుకుంటారు.

పిల్లలు ఎక్కువగా ఉంటే జూ. ఇందులో రెండో మాట లేదు. 1987లో పెట్టిన ఎస్వీ జూపార్కు దాదాపు 5,500 ఎకరాలు. అడవిలోనే జంతువుల్ని ఉంచినట్టు ఉంటుంది, ఇరుకు బోనులు కావు. ఒక్కసారి దిగితే సగం రోజు మళ్ళీ బస్సు ఎక్కే పని లేదు కాబట్టి నా లెక్కకీ సరిపోతుంది. అలిపిరి వైపు సైన్స్ సెంటర్ కలుపుకుంటే రెండు స్టాపులతో పిల్లల రోజు నిండుతుంది. అద్దాల ముందు పొట్టిగా, లావుగా కనిపించే దగ్గర పిల్లల కన్నా వాళ్ళ నాన్నలే ఎక్కువసేపు నిలబడ్డారు మా ట్రిప్‌లో.

మరి ఇబ్బంది ఎక్కడంటే నడక. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు గేటు లోపల మొదటి బెంచీ దాకా వచ్చి కూలబడ్డారు. రెండో ట్రిప్‌లో మా పెద్దమ్మతో సహా ఎనిమిది మంది ఆ బెంచీల దగ్గరే పూట గడిపారు. "పులి అరుపు వినపడిందిరా, చాల్లే" అన్నది ఆవిడ. వారపు సెలవు ఏ రోజో కూడా బస్సు మాట్లాడక ముందే కనుక్కోండి.

పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఉన్న మామూలు వీధి గుంపుకి నేను చంద్రగిరే చెప్తా. తిరుపతి నుంచి పన్నెండు కిలోమీటర్లు. బస్సు కోట దగ్గర దాకా పోతుంది, దిగగానే ఎదురుగా పచ్చిక. నడవగలిగిన వాళ్ళు రాజమహల్ పై అంతస్తుకి ఎక్కుతారు, లేనివాళ్ళు కింద చెట్టు నీడన కూర్చున్నా మహల్, వెనక కొండ, అంతా కళ్ళ ముందే ఉంటుంది. ఒకే చోట రెండు రకాల వాళ్ళూ సుఖంగా ఉండటం అనేది బస్సు ట్రిప్‌లో అరుదు.

చెప్పుకోవడానికి కథా ఉంది. విజయనగర రాయలు పెనుకొండ నుంచి రాజధాని మార్చింది ఇక్కడికే. మన ఉదయగిరి కోటని 1514లో గజపతుల నుంచి గెలిచిన కృష్ణదేవరాయలు పట్టానికి రాకముందు ఇక్కడ ఉన్నాడని చెప్పుకుంటారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి చెన్నపట్నం నేల ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు కూడా చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన రాయల కింది సామంతుడే. పిల్లాడి అడ్మిషన్‌కో, కంటి ఆపరేషన్‌కో ఏడాదికి నాలుగుసార్లు మద్రాసు పోయే నెల్లూరోళ్ళకి ఆ ఊరి పుట్టుక ఇక్కడ ముడిపడి ఉందని చెప్తే చెవులు నిక్కబొడుచుకుని విన్నారు. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదంటే మా వీధి మేస్త్రీ ఒకాయన నమ్మలేదు. గది గదీ తిరిగి, తల పైకెత్తి కప్పులు చూసి, గోడ మీద వేళ్ళతో తట్టి, "రాయి, ఇటుక, సున్నం. అంతే సార్, నిజమే" అని వచ్చి చెప్పాడు. ఆయన ఆ ముక్క చెప్పినప్పటి మొహం నాకు ఆ ట్రిప్ మొత్తంలో బాగా గుర్తుండిపోయింది.

రాజమహల్‌లోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం మూసేస్తారు, అదొక్కటి చూసుకోండి. కోట అయ్యాక దగ్గర్లోనే శ్రీనివాస మంగాపురం. కల్యాణ వేంకటేశ్వరుడు కాబట్టి కొండెక్కలేదన్న బాధ పెద్దవాళ్ళకి సగం తీరుతుంది. మా పెద్దమ్మకి ముప్పాతిక తీరింది. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం కపిలతీర్థం. వానలు పడిన నవంబరులో అయితే కొండ మీంచి నీళ్ళు కోనేట్లోకి దూకుతుంటాయి, ఎండాకాలం అక్కడ చూడటానికి బండలే. మూడు స్టాపులు, మూడూ నిదానంగా. మూడో ట్రిప్‌లో అచ్చంగా ఇదే చేశాం, రాత్రి తొమ్మిదిన్నరకి ఇళ్ళలో ఉన్నాం.

తలకోన అడుగుతారు కొందరు. జలపాతం బాగుంటుంది, అది ఇంకో రోజు పని.

బస్సు విషయం. ఆర్టీసీ అద్దె బస్సా, ప్రైవేటు బస్సా? డబ్బు దగ్గర పెద్ద తేడా ఉండదనే అనిపించింది నాకు. ఆర్టీసీలో డిపోకి పోయి ముందే అడ్వాన్స్ కట్టాలి, కిలోమీటర్ల లెక్క, ఆపి ఉంచిన గంటల లెక్క. కట్టేశాక ఇంక ఎవరూ చేయి చాపరు. ప్రైవేటులో మొదట చెప్పే రేటు తక్కువే. తర్వాత టోల్, పార్కింగ్, డ్రైవర్ బేటా, డీజిల్ ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఏది ఎవరిదో కాగితం మీద రాయించుకోకపోతే తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన పంచాయితీ తప్పదు.

మొదటి ట్రిప్‌లో మేం మాట్లాడిన ప్రైవేటు బస్సుకి ఏసీ గూడూరు దాటకముందే ఆగిపోయింది. అద్దాలు తెరుచుకోవు. పేరెందుకులే, ఫోన్లో మాత్రం "బండి కొత్తది సార్" అన్నారు. అన్ని ప్రైవేటు బస్సులూ అంతే అనను. సీట్లు మెత్తగా ఉంటాయి, పాటలుంటాయి, దారిలో ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు.

కానీ మళ్ళీ నా లెక్కకే వస్తా. మేం ఎక్కిన ఏసీ బస్సులో డ్రైవర్ క్యాబిన్‌కి ఒక తలుపు, దాని వెనక ఇంకో ఇరుకు తలుపు. నలభై నాలుగు మందీ ఒక్కొక్కరే ఒంగి రావాలి. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో అడ్డు లేదు, లేచి నడిచి దిగిపోవడమే. ఆగినచోటల్లా నాలుగైదు నిమిషాలు అక్కడే మిగిలాయి. చలికాలం ఏసీ దేనికి చెప్పండి?

టెంపో ట్రావెలర్లు మూడు మాట్లాడుకుంటే దిగడం చిటికెలో పని, నిజమే. మూడు బండ్లూ ఒకచోటికి చేరడం మాత్రం చిటికెలో కాదు. రైలు ఇద్దరు ముగ్గురికి మేలు, గుంపుకి కాదు.

తిండి ఇంటి నుంచే. పొద్దున పులిబొంగరాలు, కారప్పొడి, మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం పొట్లాలు. హోటల్‌కి పోతే అదీ ఒక స్టాపే, పైగా అన్నిటికన్నా పొడుగైంది. ఎవరూ తప్పిపోకుండా పేర్లు పిలవక్కర్లేదు. పక్క సీటు మనిషి వచ్చారా లేదా అని ఎవరికి వాళ్ళు చూసుకుంటే చాలు. అత్తాకోడళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టకండి, లేదని తెలిసినా చెప్పకపోవచ్చు.

నెల సంగతికొస్తే వైకుంఠ ఏకాదశి ముందూ వెనకా తిరుపతి వైపు చూడొద్దు, ఊరంతా కిటకిటే. తుపాను కబురుంటే వారం వాయిదా వేసుకోండి.

ఒంగోలు, కందుకూరు వాళ్ళు కూడా ఇదే ప్లాన్ అడుగుతున్నారు. మీకు ఒక్క రోజు చాలదండి. ఒంగోలు నుంచి పోను రెండొందల యాభై, రాను రెండొందల యాభై. నిద్రలేని డ్రైవర్‌తో అర్ధరాత్రి హైవే మీద తిరిగి రావడం కన్నా ఒక రాత్రి అక్కడ పడుకోండి. రెండు రోజులున్నాయి కాబట్టి మొదటిరోజు చంద్రగిరి, రెండోరోజు జూ పెట్టుకోవచ్చు. రెండు రోజులున్నాయి కదా అని మళ్ళీ ఏడు చోట్లు రాయకండి.

ఇంకొకటి మర్చిపోయా. బజార్లో ఒక ప్లాస్టిక్ స్టూలు కొనుక్కెళ్ళండి, గట్టిది. బస్సు మొదటి మెట్టుకీ నేలకీ మధ్య ఎత్తు పెద్దవాళ్ళకి కొండంత. మూడో ట్రిప్‌లో డ్రైవర్ బ్రేకు వేయగానే మా మేస్త్రీ ముందు దిగి మెట్టు కింద ఎర్ర స్టూలు వేసేవాడు, పెద్దమ్మ ఆయన భుజం మీద చేయి వేసి దిగేది. దిగడం ఏడు నిమిషాలకి వచ్చింది.

ఆ స్టూలు ఇప్పుడు మా వరండాలో ఉంది. ట్రిప్‌కి ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళొచ్చు, తిరిగి ఇస్తే చాలు.