చెన్నైలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు: మూడేళ్లు దాటాక నా మాట

ప్రతి నెలా మనకు తెలియకుండా జారిపోయే డబ్బులు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. ఎవరూ చూడని ఓటీటీలు, పెట్టె దుమ్ము పట్టినా రీఛార్జ్ అయిపోయే డీటీహెచ్ ప్యాక్ లాంటివి. ఫోన్‌లో యూపీఐ ఆటోపే లిస్టు తెరిచి అవన్నీ ఒక పూటలో ఆపేశాం. వాటి గురించి ఇంతకంటే రాయడానికి లేదు. క్రికెట్ సీజన్ రాగానే మా ఆయన చేతుల మీదుగా ఒకటి రెండు మళ్లీ చేరాయి కూడా. తగ్గించాక మళ్లీ పెరగనిది మా ఇంట్లో ఒక్క ఫ్యాన్ల ఖర్చే. పాతవి తీసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటుతో తిరిగే ఎలక్ట్రానిక్ మోటారు ఫ్యాన్లు, పెట్టాం.

మేముండేది కొళత్తూరులో, రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. ఈబీ మీటరు, అంటే కరెంటు మీటరు, మా పోర్షన్‌కి విడిగా ఉంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, యూనిట్‌కి ఇంత అని ఓనరే వసూలు చేసుకునే ఇళ్లలో ఇప్పుడు చెప్పబోయే లెక్క పనిచేయదు.

ఇక్కడ కరెంటు బిల్లు రెండు నెలలకోసారి. మేం ఫ్యాన్లు మార్చినప్పటికి మొదటి 100 యూనిట్లు ఉచితం. అసలు మెలిక 500 దగ్గర ఉంది. 2022 సెప్టెంబరు రేట్లే తీసుకుందాం. మొత్తం 500 లోపు ఉంటే 101 నుంచి 200 వరకు యూనిట్‌కి 2.25 రూపాయలు, 400 వరకు 4.50, ఆ పైన 6. రీడింగు 501 అయిందా, ఆ 2.25 రేటు మొత్తంగా ఎగిరిపోయి అక్కడ కూడా 4.50 పడుతుంది. అంటే ఒక్క యూనిట్ దాటినందుకు 225 రూపాయలు అదనం. 501 నుంచి 600 వరకు యూనిట్ 8 రూపాయలు, ఆ తర్వాత 9. 2024 జూలైలో రేట్లు ఇంకాస్త పెరిగాయి గానీ అప్పుడూ పద్ధతి ఇదే. 600 యూనిట్లకి 2,750 వచ్చే చోట 480 యూనిట్లకి 1,605 వస్తుంది. మే నెల కత్తిరి ఎండల్లో మా రీడింగు ఎప్పుడూ ఆ 600 చుట్టూ తిరిగేది.

పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ముప్పై చిల్లర. రోజుకి పదహారు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద రెండు నెలలకి నలభై యూనిట్ల పైనే తేడా. మేం మార్చింది మూడు. ఈ ఊరి ఉక్కలో హాల్లో ఫ్యాన్ ఆగేదే లేదు కాబట్టి ఎండాకాలంలో లెక్క దాదాపు సరిపోయింది. రీడింగు 500 లోపలికి వచ్చింది. డిసెంబరు, జనవరిల్లో మాత్రం గొప్పగా ఏం ఉండదు. చిన్న స్పీడులో పాత ఫ్యాన్ కూడా ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీద తక్కువే లాగుతుంది. ఆ నెలల్లో మిగిలేది వంద, రెండొందలు. ఒక్కోటి మూడు వేల చొప్పున పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి రెండేళ్లు దాటింది. యాడ్‌లో చెప్పినంత తొందరగా రాదు.

ఏసీ ఉన్న గదిలో ఇంకో లాభం కనిపించింది. ఫ్యాన్ చవగ్గా తిరుగుతోందన్న ధీమాతో ఏసీని 24 నుంచి 27కి పెంచి రెండూ కలిపి వేస్తున్నాం. నిద్రకి ఏ లోటూ లేదు. బిల్లులో ఎంత ఫ్యాన్ వల్ల తగ్గింది, ఎంత ఏసీ వల్ల తగ్గింది అని విడదీసి చెప్పలేను.

డబ్బుతో సంబంధం లేని మేలు 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు తెలిసింది. వీధంతా కరెంటు లేదు. మా ఇన్వర్టర్ బ్యాటరీ పాత ఫ్యాన్లు మూడింటిని నాలుగైదు గంటలు లాగేది. అదే బ్యాటరీ మీద ఈ ఫ్యాన్లు రాత్రంతా తిరిగాయి. నన్నడిగితే వరుసగా కరెంటు పోయే వీధుల్లో ఉన్నవాళ్లు బిల్లు కోసం కాకపోయినా దీనికోసం కొనొచ్చు.

ఇక చిరాకులు. రిమోట్ మొదటిది. "ఫ్యాన్‌కి కూడా రిమోటేంటమ్మా, గోడ మీద ఉన్నదానికి ఏమొచ్చింది?" అని మా అత్తయ్య ఇప్పటికీ అంటూనే ఉంటారు. అర్ధరాత్రి చలేసి స్పీడు తగ్గించాలంటే దిండు కింద వెతుక్కోవాలి. ఆవిడ గదిలో మంచం కోడుకి తాడుతో కట్టేశాం.

రెండోది రిపేరు. పాత ఫ్యాన్ స్లో అయితే కండెన్సర్ మార్చి, కాలిపోతే వైండింగ్ కట్టించి వాడుకునేవాళ్లం. వీధి చివర కొట్టులో ఒక పూట పని. బీఎల్‌డీసీలో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే ఆ కొట్టాయన చేతులెత్తేస్తాడు. మా హాల్ ఫ్యాన్ బోర్డు రెండేళ్ల వారంటీ అయిపోయిన కొత్తలోనే పోయింది. కొత్త బోర్డు తెప్పించడానికి వారం పైనే పట్టింది, ఎనిమిది వందలు ఖర్చు. వోల్టేజీ ఊగిసలాటకి బోర్డులు త్వరగా పోతాయి. కొనేముందు వారంటీ బోర్డుకి కూడా ఉందా, ఎన్నేళ్లు అన్నది పెట్టె మీద చదవండి. ధరలో రెండు మూడొందల తేడాకి మూడేళ్ల వారంటీ వస్తుంటే అదే తీసుకోండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మా ఎలక్ట్రీషియన్ గోడ మీద రెగ్యులేటర్ని అలాగే వదిలేయబోయాడు. దాన్ని తీసి నేరుగా స్విచ్‌కి కలపాలి, లేకపోతే రొద వస్తుంది, బోర్డు కూడా పాడవుతుంది.

స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి తప్పనిసరి. కానీ ఆ స్టార్లు వాట్‌కి ఎంత గాలి అని చూసి ఇచ్చేవి. గాలే తక్కువ వీచే ఫ్యాన్‌కి కూడా ఐదు స్టార్లు ఉండొచ్చు. అందుకే పక్కన రాసిన ఎయిర్ డెలివరీ అంకె, అంటే నిమిషానికి ఎంత గాలి వీస్తుందన్నది కూడా చూడాలి. మా చిన్న గదికి వేసినది ఆ అంకె తక్కువున్నదే. మా అమ్మాయి చదువుకునే టేబుల్ దగ్గరికి గాలి సరిగా రాదు.

పూజగదికి, చుట్టాలొస్తే వాడే గదికి మార్చలేదు, మార్చబోం కూడా. రోజుకి గంట తిరిగే ఫ్యాన్ మీద మూడు వేలు ఎప్పటికీ తిరిగిరావు. అద్దె ఇళ్లవాళ్లు ఓనర్ ఫ్యాన్లు అటక మీద భద్రంగా పెట్టి, రెక్కల స్క్రూలతో సహా ఒక కవర్లో కట్టేయండి. ఖాళీ చేసేటప్పుడు అవి బిగించి మనవి మనం పట్టుకెళ్లొచ్చు. ఈ మాట అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే చెప్పుకుంటే అడ్వాన్సు దగ్గర పేచీ ఉండదు.