రెడ్‌క్యాప్: బోధనాసుపత్రి పరిశోధనకు ఎంతవరకు ఆసరా?

పీజీ విద్యార్థులు థీసిస్‌లు సమర్పించే నెల వచ్చిందంటే, మా బోధనాసుపత్రిలో గణాంకాలు చూసిపెట్టే నా గది ముందు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని బారులు తీరుతారు. ఏడాదిన్నర పాటు వార్డుల్లో తిరిగి సేకరించిన సమాచారమంతా ఒక్క ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. అందులో ఒక రోగి హిమోగ్లోబిన్ 112 అని ఉంటుంది, అది 11.2 అని ఊహించుకోవాలి. మరొకరి వయసు ‘ముప్పై పైన’. లింగం గడిలో ఒకచోట ఎం, ఒకచోట మేల్, ఇంకోచోట 1. ఒకసారి ఒక విద్యార్థి మిగతావాటిని వదిలేసి ఒకే నిలువు వరుసను ఆరోహణ క్రమంలో పేర్చి భద్రపరచడంతో, ఒకరి రక్తపరీక్ష ఫలితం మరొకరి నంబరు ఎదుట చేరింది. మెడికల్ రికార్డ్స్ విభాగం నుంచి కేస్ షీట్లు తిరిగి తెప్పించి సరిచూసుకోవడానికి నెలన్నర పట్టింది. తప్పు షీట్‌ది కాదు, మాదే. ఆ నెలన్నర తరువాతనే, పరిశోధన సమాచారాన్ని నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్ అయిన రెడ్‌క్యాప్ సంగతి గట్టిగా ఆలోచించాము. మూడేళ్లు వాడిన తరువాత, ఇదే ఆలోచనలో ఉన్న ఇతర వైద్య కళాశాలల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

రెడ్‌క్యాప్ అంటే రీసెర్చ్ ఎలక్ట్రానిక్ డేటా క్యాప్చర్. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో పాల్ హారిస్ బృందం 2004లో దీన్ని తయారుచేసింది. పెద్ద కంపెనీలు మనుషులపై నడిపే ఔషధ పరీక్షలకు, అంటే ట్రయల్స్‌కు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంటుంది కానీ, తన సొంత ప్రశ్నతో చిన్న అధ్యయనం చేసుకునే వైద్యుడికి ఏమీ ఉండదు. ఆ లోటు పూడ్చడానికి పుట్టిన సాధనమిది. ఇప్పుడు 150కి పైగా దేశాల్లో వాడుతున్నారు. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితం. అయితే ఎవరికి వారు దించుకునే ఓపెన్ సోర్స్ సరుకు కాదు. సంస్థ తరఫున అధికారం ఉన్నవారు వాండర్‌బిల్ట్‌తో ఒప్పందంపై సంతకం చేసి, తమ సర్వర్‌లోనే నడుపుకోవాలి. రోగుల సమాచారం మన గడప దాటకుండా ఉండటం ఈ పద్ధతిలోని పెద్ద సౌలభ్యం. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చాక ఆ సౌలభ్యం విలువ ఇంకా పెరిగింది.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చినది మనిషి చేతిని అది పట్టి ఆపే తీరు. హిమోగ్లోబిన్ గడికి 3 నుంచి 20 వరకు అని హద్దు పెడితే 112 అని కొట్టగానే హెచ్చరిస్తుంది. తేదీ మన పద్ధతిలో రోజు, నెల, సంవత్సరం వరుసలోనే కావాలని నిర్ణయించవచ్చు. పురుష రోగి ఫారంలో గర్భం గురించిన ప్రశ్నలు అసలు కనిపించకుండా చేయవచ్చు. ఎవరు, ఏ రోజు, ఏ గడిలో పాత విలువ తీసి కొత్తది పెట్టారో చెరగని చిట్టాలో నమోదవుతుంది. గైడ్ అడిగితే ‘ఎవరో మార్చారు సార్’ అనే జవాబుకు తావుండదు. పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు వంటి గడులను గుర్తింపు వివరాలుగా ముద్ర వేసి పెడితే, విశ్లేషణకు బయటికి తీసేటప్పుడు వాటిని పక్కన పెట్టవచ్చు. అసలు నమోదు మొదలై ప్రాజెక్టు ప్రొడక్షన్ దశకు వెళ్లిన తరువాత ఫారం మార్చాలంటే మార్పులను ముందు చిత్తుప్రతిగా పెట్టాలి. మా ఏర్పాటులో వాటికి నిర్వాహకుడి ఆమోదం తప్పనిసరి. విద్యార్థులకు ఇది చాదస్తంగా తోస్తుంది. నాకు మాత్రం, సగం రోగులు చేరిన తరువాత కొలమానం మార్చేసే పాత అలవాటుకు ఇదొక్కటే మందు.

ఎస్‌పీఎస్‌ఎస్, స్టాటా, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లకు సరిపోయే రూపంలో సమాచారం నేరుగా బయటికి వస్తుంది. నెట్ అందని ఊళ్లలో సర్వేకు మొబైల్ యాప్ ఉంది.

తెలుగు విషయానికి వస్తే, ప్రశ్నలను తెలుగు లిపిలో రాసుకోవచ్చు. కొత్త వెర్షన్లలో ఒకే ఫారాన్ని రెండు మూడు భాషల్లో చూపే ఏర్పాటు కూడా ఉంది. లోపల ప్రతి గడికీ పెట్టే చరరాశి పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. అంగీకార పత్రం కూడా తెర మీదనే తీసుకునే వీలుంది కానీ, మా వార్డుల్లో దాన్ని వాడవద్దని నేనే చెప్పాను. చదవలేని రోగి వేలిముద్ర వేసేటప్పుడు పక్కన నిష్పాక్షిక సాక్షి కూర్చుని, చదివి వినిపించినదంతా విని సంతకం చేయాలి. కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు 2019 ప్రకారం కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవారి అంగీకారాన్ని దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. 2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్లింది. ఏ సమయానికి ఎవరు మీట నొక్కారో సాఫ్ట్‌వేర్ చెప్పగలదు, అంగీకరించిన మనిషికి విషయం అర్థమైందో లేదో చెప్పలేదు.

ఇక లోటుపాట్లు. మొదటిది, పిలిస్తే పలికే అమ్మకందారు ఉండడు. సర్వర్, దాని మీద నడవాల్సిన పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ సాఫ్ట్‌వేర్లు, బ్యాకప్, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ ఎక్కించడం అంతా సంస్థ నెత్తినే ఉంటుంది. సందేహాలకు నిర్వాహకుల పరస్పర సహాయ వేదిక ఉంది. రెండవది, నియంత్రణ సంస్థలకు సమర్పించే ట్రయల్స్‌కు ఇది ఉన్నంత మాత్రాన సరిపోదు; మన సర్వర్‌లో పెట్టుకున్న వ్యవస్థ సరిగా పనిచేస్తోందని మనమే పరీక్షించి పత్రాలతో నిరూపించుకోవాలి. కంపెనీలు తమ ట్రయల్స్‌కు తమ వ్యవస్థనే తెచ్చుకుంటాయి కాబట్టి దీని అసలు ప్రయోజనం థీసిస్‌లకు, అధ్యాపకుల సొంత అధ్యయనాలకు మాత్రమే. ఎథిక్స్ కమిటీ అనుమతిని గాని, మొదటి రోగి చేరకముందే జరగాల్సిన సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదును గాని ఇది చేసిపెట్టదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, దీన్ని ఉచితమని వినగానే పాలనాధికారులు ఖర్చే లేదనుకోవడం. మొదటి ఏడాది మేము సర్వర్ పెట్టి, ఒక మధ్యాహ్నం శిక్షణ ఇచ్చి ఊరుకున్నాము. ఫలితంగా విద్యార్థులు పాత ఎక్సెల్ షీట్‌నే రెడ్‌క్యాప్‌లో తిరిగి కట్టారు: హద్దులు లేవు, అన్నీ ఏదైనా రాసుకునే ఖాళీ గడులే. రెండవ ఏడాది ఒక డేటా మేనేజర్‌ను నియమించుకున్నాకే తేడా కనిపించింది. ఆయన ప్రతి సోమవారం నింపని గడుల జాబితా తీసి సంబంధిత విద్యార్థికి పంపుతారు, అనుమానం వచ్చిన విలువకు కేస్ షీట్ చూసి రమ్మంటారు, ప్రశ్న పరిష్కారమయ్యే దాకా దాన్ని తెరిచే ఉంచుతారు. ఆయన జీతం ఏటా కొత్తగా మంజూరు చేయించుకోవాల్సి రావడం మా దుస్థితి. సాఫ్ట్‌వేర్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మనిషి లేకుండా పెట్టుకునే వారికి మాత్రం రెండుకు మించి దక్కదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒకేసారి అన్ని విభాగాలకూ తెరవకుండా, ఒక విభాగంలో రెండు థీసిస్‌లతో ఆరంభించడం మేలు. అధ్యయన ప్రణాళిక (ప్రోటోకాల్) ఎథిక్స్ కమిటీకి వెళ్లే వారంలోనే ఫారం కట్టించి, కల్పిత రోగులు పది మందిని అందులో నింపి, ఆ పదింటినీ బయటికి తీసి విశ్లేషణ దాకా నడిపించి చూడండి. మా విద్యార్థుల ఫారాల్లో తప్పిపోయిన ప్రశ్నలు చాలావరకు ఆ పదవ కల్పిత రోగి దగ్గరే బయటపడుతున్నాయి.