బైకు వెనక ట్రైలర్‌కి లైట్లు: నేరుగా అతుకా, రిలేలా, ఐసొలేటరా... ఏది మేలు?

బుల్లెట్టుకో హిమాలయన్‌కో చిన్న ట్రైలర్ తగిలించుకుని దూరం పోవాలనుకునేవాళ్లు హుక్కు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా వైరింగ్ మీద పెట్టరు. (ట్రైలర్ రిజిస్ట్రేషన్ సంగతి ఆర్టీఓ ఆఫీసులో ముందే తేల్చుకోండి, అది వేరే కథ.) బండి సిగ్నల్‌ని ట్రైలర్ లైట్లకి చేర్చే దారులు మూడు: తోక లైటు వైర్లకి నేరుగా అతుకు వేయడం, నాలుగు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు) పెట్టడం, రెడీమేడ్ ఎలక్ట్రానిక్ ఐసొలేటర్ (బండి సిగ్నల్ చూసి, ట్రైలర్‌కి కరెంటు విడిగా ఇచ్చే డబ్బా) బిగించడం.

ఏది ఎంచుకోవాలన్నా ముందు కరెంటు లెక్క చూడాలి. ట్రైలర్‌కి రెండు పక్కలా 21/5 వాట్ల బల్బులు (21 బ్రేకుకి, 5 తోక లైటుకి) పెడితే బ్రేకుకి 42 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు. తోక లైట్లకి 10 వాట్లు, ఒక ఇండికేటర్‌కి ఇంకో 10. అన్నీ ఒకేసారి వెలిగితే 5 ఆంపియర్లు దాటుతుంది. బండి సొంత బ్రేకు బల్బు లాగేది 1.75 మాత్రమే. బ్రేకు లివర్ దగ్గరుండే చిన్న స్విచ్చు ఆ ఒక్క బల్బు కోసం చేసింది. దాని మీద మూడింతల కరెంటు పడితే లోపలి కాంటాక్టులు కాలిపోతాయి. అదే ట్రైలర్‌కి ఎల్ఈడీ లైట్లు పెడితే మొత్తం కలిపినా సాధారణంగా ఒక ఆంపియర్ చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే ఏ దారిలో పోయినా ట్రైలర్‌కి ఎల్ఈడీనే పెట్టండి.

నేరుగా అతుకు వేయడం చవక, అరపూట పని. బల్బులున్న పాత బండికి ఎల్ఈడీ ట్రైలర్ తగిలిస్తే కరెంటు లెక్క ప్రకారం ఇది నడుస్తుంది కూడా. చిక్కంతా ఫ్యూజు దగ్గర. చాలా బండ్లలో బ్రేకు లైటు, హారన్, ఇండికేటర్లు ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. ట్రైలర్ కింద వైరు ఒరిసి షార్టయితే ఆ ఫ్యూజు పోతుంది, దానితోపాటు బండి సొంత లైట్లూ పోతాయి. రాత్రిపూట సింగరాయకొండ దాటి ఒంగోలు వైపు హైవే మీద, వెనక లోడు లారీలు వస్తుండగా, ఇది జరగకూడని చోట జరిగినట్టే. ఇండికేటర్లతో ఇంకో తిరకాసు ఉంది. బల్బు మాడితే బండి ఇండికేటర్ గబగబా కొట్టుకుని చెబుతుంది కదా, ట్రైలర్‌లోనూ బల్బులే ఉంటే ఆ అదనపు లోడు వల్ల బండి బల్బు మాడిన సంగతి ఫ్లాషర్ (ఇండికేటర్లని కొట్టుకునేలా చేసే భాగం) పసిగట్టలేకపోవచ్చు.

బీఎండబ్ల్యూ లాంటి బండ్లకైతే అతుకు ఆలోచనే వద్దు. అక్కడ కంట్రోల్ యూనిట్టే (బండిలోని చిన్న కంప్యూటర్) కరెంటుని కొలుస్తుంటుంది, అనుకున్నదానికన్నా ఎక్కువ లాగితే ఆ లైటుని ఆపేస్తుంది.

రిలేల పద్ధతిలో బండి వైర్లు సిగ్నల్ మాత్రమే ఇస్తాయి, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలేలు నాలుగు కావాలి: తోక లైటు, బ్రేకు, ఎడమ, కుడి. ప్రతి రిలేలో 86 అని రాసున్న పిన్నుకి బండి సిగ్నల్ వైరు, 85కి ఎర్తు, 30కి ఫ్యూజు దాటి వచ్చే బ్యాటరీ పాజిటివ్, 87 నుంచి ట్రైలర్‌కి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి: ఎల్ఈడీ అయితే 5 ఆంపియర్లు, బల్బులైతే 10. రిలే లోపలి కాయిల్ (తీగచుట్ట) లాగేది 0.15 ఆంపియర్ల చుట్టూ, బండి స్విచ్చుకి అది లెక్కలోది కాదు. ట్రైలర్ షార్టయినా ఈ ఫ్యూజొక్కటే పోతుంది, బండి లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కాయిల్ ఆగినప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజీ ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌ని దెబ్బతీస్తుంది, కాబట్టి 85, 86 మధ్య ఒక 4007 డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క) వేయండి, గీత ఉన్న కొస 86 వైపు. రిలేలు సీటు కింద పిన్నులు నేల వైపు చూసేలా బిగిస్తే నీళ్లు నిలవవు.

దీని లోపం చోటు. నాలుగు రిలేలు, వాటి సాకెట్లు కలిస్తే చిన్నపాటి గుత్తి అవుతుంది. కొన్ని కొత్త బండ్లలో తోక లైటు వెలుగు తగ్గించడానికి కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తుంటారు. అలాంటి వైరుకి రిలే తగిలిస్తే గరగరమంటుంది, ఎక్కువ రోజులు బతకదు.

అక్కడ ఐసొలేటరే కావాలి. అరచేతిలో పట్టే సీలు చేసిన డబ్బా, సిగ్నల్ వైర్ల నుంచి కొన్ని మిల్లీ ఆంపియర్లే తీసుకుంటుంది. వాన, దుమ్ము పట్టించుకోదు. కొనేటప్పుడు మాత్రం మోసపోయే చోటు ఒకటుంది. ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు అమెరికా ట్రైలర్ల కోసం చేసినవి. వాటి నాలుగు వైర్ల రకంలో బ్రేకు, ఇండికేటర్ రెండూ ఒకే ఎర్ర లైటులో కలిసిపోతాయి. మనకి ఇండికేటర్ విడిగా, కాషాయ రంగులో ఉండాలి. కాబట్టి బయటికి ఐదు వైర్లు (ఎర్తు, తోక లైటు, బ్రేకు, ఎడమ, కుడి) ఇచ్చేదే అడగండి. ఇంకోటి, కొన్ని ఐసొలేటర్లు బండి ఆపి తాళంచెవి తీసేసినా కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. వారాల తరబడి నిలబెట్టే బండి అయితే తాళంతో ఆన్ అయ్యే రిలే ఒకటి ముందు పెట్టండి.

నా ఓటు: ఎక్కువ బండ్లకి రిలేలే. దారిలో పాడైతే కావలిలో ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపుకి పోయినా రిలే దొరుకుతుంది, ఏది పోయిందో టెస్టు ల్యాంపుతో పది నిమిషాల్లో తేలుతుంది. ఐసొలేటర్ పోతే పార్సిల్ వచ్చేదాకా ఆగాల్సిందే. కంట్రోల్ యూనిట్టు ఉన్న బండ్లకి ఐసొలేటర్ తప్పదు, వాటి మీద బల్బు టెస్టు ల్యాంపు కూడా వాడొద్దు, మల్టీమీటరే పెట్టండి.

ఈ మూడింటికీ ప్రాణం ఎర్తు వైరు. హుక్కు బాలు మీద గ్రీజు ఉంటుంది, పైగా కదులుతుంటుంది, దాన్ని ఎర్తుగా నమ్మకూడదు. ట్రైలర్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగండి, మిగతావి 0.75 చాలు. ట్రాక్టర్ ట్రాలీలకి వాడే ఏడు పిన్నుల సాకెట్ బాగా పనికొస్తుంది: 1 ఎడమ, 3 ఎర్తు, 4 కుడి, 5, 7 తోక లైట్లు, 6 బ్రేకు.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకి మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు నిలవదు. రాగి పచ్చబడుతుంది, లైటు మసకబడుతుంది. వైరుని కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు అంతకన్నా అన్యాయం, పోగులు తెంపేస్తాయి. టంకం పెట్టి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేసి, ఆ అతుకు కదలకుండా కట్టండి. సాకెట్ పిన్నులకి కాస్త వాసలీన్ రాయండి.

బయల్దేరే ముందు లైట్లు ఒక్కొక్కటే కాదు, తోక లైటు, బ్రేకు, ఇండికేటర్ అన్నీ కలిపి వేసి చూడండి. ఇండికేటర్‌తోపాటు తోక లైటు కూడా మినుకుమంటున్నా, బ్రేకు నొక్కగానే మిగతావి మసకబడుతున్నా రిలేలూ ఐసొలేటరూ విప్పొద్దు, ముందు ఎర్తు లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే రింగు) విప్పి కింది రంగు గీకి బిగించండి.