అడ్డగాలిలో రెండింజన్ల విమానం: ముక్కు తిప్పాలా, రెక్క వంచాలా?

వరంగల్, హన్మకొండల్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్ ఆడేవాళ్లకు ముందు మామునూరులో దిగాలనే ఉంటుంది. నిజాం కాలం నాటి మన ఊరి రన్‌వే మరి. కానీ అడ్డగాలిలో, అంటే పక్క నుంచి కొట్టే గాలిలో, దిగడం నేర్చుకోవడానికి బేగంపేట నయం. అక్కడి రన్‌వే 09/27, అంటే తూర్పు పడమరలు. గాలిని 180 డిగ్రీల (దక్షిణం) నుంచి 20 నాట్స్ (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) అని పెడితే మొత్తం పక్క నుంచే కొడుతుంది. అదే 240 నుంచి పెట్టి 27 మీద, అంటే పడమర ముఖంగా, దిగితే అడ్డంగా తగిలేది 10 నాట్సే. మొదటి రోజులకు అది చాలు. బీచ్‌క్రాఫ్ట్ బారన్ అనే చిన్న రెండింజన్ల విమానాన్ని తయారీదారు పరీక్షించి చూపిన అడ్డగాలి 22 నాట్స్. 35 పెట్టుకుని విమానాన్ని తిట్టడం అన్యాయం.

దిగడానికి పద్ధతులు రెండు. మొదటిదైన క్రాబ్ పద్ధతిలో ముక్కును గాలివైపు తిప్పి, రెక్కలు సమంగా ఉంచి రావాలి. గోదావరి దాటేవాడు పడవను ఎగువకు మళ్లించినట్టే. 100 నాట్స్ వేగంలో 20 నాట్స్ అడ్డగాలికి పదకొండు, పన్నెండు డిగ్రీలు తిప్పాలి. దారంతా హాయిగానే ఉంటుంది, టెన్షన్ అంతా చివరి రెండు సెకన్లలోనే. నేల తాకే ముందు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి ముక్కును రన్‌వేకు సూటిగా తేవాలి. ముందే తొక్కితే గాలి పక్కకు నెట్టేస్తుంది, ఆలస్యమైతే చక్రాలు అడ్డంగా ఈడ్చుకుంటాయి. పైగా రడ్డర్ తొక్కగానే గాలివైపు రెక్క పైకి లేస్తుంది. దాన్ని ఐలెరాన్‌తో (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క చివరి పలక) అప్పుడే అణచాలి.

రెక్క వంచే పద్ధతిలో గాలి కుడి నుంచి వస్తే కుడి రెక్క కిందికి, రడ్డర్ ఎడమకు. ముక్కు ముందు నుంచే సూటిగా ఉంటుంది. కుడి చక్రం మొదట తాకుతుంది, తర్వాత ఎడమది, చివరికి ముక్కు చక్రం. దీనిలో నాకు నచ్చింది ఒకటుంది: రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు నిలవకపోతే గాలి ఎక్కువైందని పైనే తెలిసిపోతుంది, మళ్లీ పైకి లేవొచ్చు. క్రాబ్‌లో ఆ సంగతి నేల దగ్గరికొచ్చాకే బయటపడుతుంది. అయితే ఇలా పక్కకు ఒరిగి ఎక్కువసేపు రావడం కష్టమే. వేగం తగ్గుతుంది, పవర్ కొంచెం పెంచాలి.

అందుకే నా ఓటు రెండూ కలిపినదానికి: దూరం నుంచి క్రాబ్, చివరి 200 అడుగుల్లో రెక్క వంచడం.

రెండింజన్లున్నాయి కదా, గాలివైపు ఇంజన్‌కు పవర్ పెంచి ముక్కు తిప్పొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. టేకాఫ్ పరుగు మొదట్లో, రడ్డర్‌కు ఇంకా పట్టు రాకముందు, అది బాగా పనికొస్తుంది. బారన్ ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరిగి ముక్కును ఎలాగూ ఎడమకు లాగుతాయి కాబట్టి, ఎడమ గాలిలో టేకాఫ్‌కు మరీ అవసరం. దిగేటప్పుడు మాత్రం వద్దు. తక్కువ వేగంలో ఒక ఇంజన్ ఎక్కువ, ఒకటి తక్కువ ఉంచి, నేల దగ్గర రెండూ మూసేస్తే, సరిగ్గా ఆ క్షణంలోనే ముక్కు దారి తప్పుతుంది.

కీబోర్డుతో ఆడేవాళ్లకు రెక్క వంచే పద్ధతి దాదాపు అసాధ్యం, వాళ్లు క్రాబ్‌తోనే సరిపెట్టుకోవాలి. రడ్డర్ కోసం మెలితిప్పే జాయ్‌స్టిక్ ఉంటే చాలు, పెడల్స్ తర్వాత చూసుకోవచ్చు. కానీ సిమ్యులేటర్‌లో ఆటో రడ్డర్ అనే సెట్టింగ్ ఆపేయండి. అది ఉంటే ఐలెరాన్ ఎటు వేస్తే రడ్డర్ కూడా అటే పోతుంది, ఎదురు తొక్కడమే కుదరదు.

చక్రాలు తాకాక చేతులు దించేయకండి. వేగం తగ్గేకొద్దీ ఐలెరాన్‌ను గాలివైపు ఇంకా పెంచుతూ పోవాలి. చాలామంది విమానాలు రన్‌వే పక్క గడ్డిలోకి పోయేది అక్కడే.