మలబద్ధకానికి ఇసబ్గోలా, లాక్టులోజా, పెగ్ పొడా: ఏది మేలు?

పాతికేళ్ల మనిషి మలబద్ధకమని వస్తే మందు రాసేముందు ఒకటి తేల్చుకోవాలి. మలం మేకపెంటికల్లా గట్టిపడి వారానికి మూడుసార్లు కూడా రావట్లేదా, లేక మెత్తగానే ఉన్నా ముక్కాల్సి వస్తోందా? మెత్తటి మలాన్ని కూడా వేలితో తీసుకోవాల్సి వస్తోందంటే, మలద్వారం దగ్గర సడలాల్సిన కండరాలు ఆ సమయంలో బిగుసుకుంటూ ఉండొచ్చు. పరీక్షలో అదే తేలితే పొడులతో తీరదు, బయోఫీడ్‌బ్యాక్ (ఆ కండరాల కదలికను పరికరంతో చూపిస్తూ వాటిని సడలించడం నేర్పే) శిక్షణ కావాలి. సిగ్గుపడి ఈ మాట ఎవరూ తమంతట చెప్పరు, మనమే అడగాలి.

ఐరన్ మాత్రలు, ట్రమడాల్ అనే నొప్పి మందు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ లాంటి మలబద్ధకం తెచ్చేవి వాడుతున్నారేమో కూడా అడగండి. మలంలో రక్తం, రక్తహీనత, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పరీక్షలు ముందు. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే విరేచనాల మందు జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే, సమస్య తేలికైతే ఇసబ్గోల్‌తో మొదలుపెట్టడం మంచిది. చవక, రోజూ వాడుకోవచ్చు. రోజుకు ఒక టీస్పూనుతో మొదలుపెట్టి వారం పదిరోజుల్లో రెండుకు పెంచాలి. చాలామంది తప్పు చేసేది నీళ్ల దగ్గరే. పావు లీటరు నీళ్లలో కలిపి, అది ఉబ్బకముందే గడగడా తాగేయాలి. చాలీచాలని నీళ్లతో మింగితే గొంతులోనే అడ్డుపడొచ్చు. రెండు రోజులు చూసి పనిచేయలేదని మానేయకండి, రెండు వారాలైనా వాడాలి.

అప్పటికీ లొంగకపోతే నా ఓటు పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పొడికే. 17 గ్రాములు పావు లీటరు నీళ్లలో, రోజుకోసారి. పేగులో నీటిని పట్టి ఉంచుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్య సంఘాలిచ్చిన మార్గదర్శకాలు కూడా దీన్ని గట్టిగా సిఫార్సు చేశాయి. లాక్టులోజ్ సిరప్ 15 నుంచి 30 మిల్లీలీటర్లు తాగితే అదీ పనిచేస్తుంది, గర్భిణులకూ వాడతారు. కానీ పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి కాబట్టి గ్యాస్, ఉబ్బరం ఎక్కువ. ఇప్పటికే పొట్ట ఉబ్బరంతో బాధపడేవాళ్లకు అది నచ్చదు.

పేగుల్ని కదిలించే బిసకోడిల్ మాత్ర అత్యవసరానికి. పడుకునేముందు 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో కదిలిస్తుంది. పాలతోనో యాంటాసిడ్‌తోనో వేసుకుంటే పైపొర కడుపులోనే కరిగి మెలిపెట్టే నొప్పి వస్తుంది. మాత్రను నమలకూడదు, నీళ్లతోనే మింగాలి.